షమీమ్ నేర్పిన సంతకం

నిన్న మధ్యాహ్నం రేణిగుంట నుంచి తిరుచానూరు వచ్చే బస్సులో నా పక్కన ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. నీలం ప్యాంటు, నీలం చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. కండక్టరుకు కార్డు చూపించడానికి చెయ్యి చాచినప్పుడు ఆ చేతినుంచి ఒక వాసన వచ్చింది. కిరోసిన్ లాంటి వాసనే, కానీ కిరోసిన్ కన్నా పలచన. దానిమీద నారింజ తొక్క వాసన వేసే సబ్బు. ఎంత తోమి కడిగినా పూర్తిగా పోని వాసన అది. నా ఒడిలో మల్లెల బుట్ట ఉంది. అన్ని మల్లెల మధ్యా ఆ వాసన నాకు విడిగా తెలిసిపోయింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు, నేను అడగలేదు. బస్సు దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ మాత్రం, ఒకప్పుడు అదే వాసన చేతులతో మా ఇంట్లో ఉన్న షమీమ్ నా పక్కన నడుస్తున్నట్టే ఉంది. ఇంటికి వచ్చి బుట్ట దించి ఇది రాయడానికి కూర్చున్నాను. ముదిరాక నేర్చుకున్న రాత నాది, చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

మా ఇల్లు అమ్మవారి గుడి వెనక సందుల్లో. నేను పెళ్ళిళ్ళకు పూలజడలు కుడతాను, మిగతా వేళల్లో ఒక లాడ్జి ముందు కూర్చుని మల్లెలు, కనకాంబరాలు అమ్ముతాను. మా ఆయన గురవయ్య ఆటో నడుపుతాడు. కూతురు పెళ్ళయి వీధి చివర ఇంటికే వెళ్ళింది. మేడమీద రేకుల గది ఒకటి ఖాళీగా ఉండేది. ఆ గది కోసం ఒకరోజు ఒక సంచీ, ఒక ఇనప పెట్టె పట్టుకుని షమీమ్ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మాట్లాడేటప్పుడు నేరుగా కళ్ళలోకి చూసే పిల్ల. సొంతూరు పలమనేరు. వాళ్ళ నాయన అక్కడ బస్టాండు వెనక చిన్న షెడ్డులో పాల క్యాన్లకు సొట్టలు తీసి మాట్లు వేస్తాడట. అప్పటికే రెండు మూడు ఇళ్ళల్లో ఆడపిల్ల వేళాపాళా లేకుండా డ్యూటీలకు పోయివస్తుందని గది ఇవ్వలేదు.

"ఏం పని చేస్తావమ్మీ?" అని అడిగాను.

"విమానాలు బాగుచేస్తానత్తా."

మా ఆయన నవ్వాడు. "విమానాలు నడిపే ఆడోళ్ళుండారని విన్నా. బాగుచేసే ఆడోళ్ళు కూడా ఉండారా?"

"నడిపేవాళ్ళు కూడా మేము సరే అన్నాకనే నడపాల మామా," అంది. వచ్చిన ఐదు నిమిషాలకే నన్ను అత్తను చేసింది, ఆయన్ను మామను చేసింది. గది ఇవ్వక ఏం చేస్తాం?

ఇంటర్ అయ్యాక బెంగళూరులో విమానాల మరమ్మతు చదువు చదివి, మా ఊరి అవతల ఉన్న విమానాశ్రయంలో టెక్నీషియన్‌గా చేరింది. చదువు అయిపోయింది కదా, ఇంజనీరే కదా అనుకున్నాం మేము. కాదట. ఇంకా వరసగా చాలా పేపర్లు రాయాలి, విమానం మీద కొన్నేళ్ళు పని చేయాలి, ఆ పని చేసిందని పైన ఉండే ఇంజనీరు రాసివ్వాలి. అప్పుడే లైసెన్సు. అంతవరకు పని తను చేస్తుంది, సంతకం శేఖర్ సారు పెడతాడు. శేఖర్ సారంటే అక్కడి లైసెన్సు ఉన్న ఇంజనీరు.

"ఒక్క సంతకానికి ఇన్నేళ్ళ చదువా పాపా!" అన్నాడు మా ఆయన. "మా వార్డు ఆఫీసులో ఒగాయనుండాడు, తలకాయ ఎత్తకుండా పొద్దస్తమానం పెడతానే ఉంటాడు."

ఆ పిల్ల నవ్వింది కానీ వెంటనే ముఖం మామూలైపోయింది. "అది గీత మామా. మా దాంట్లో సంతకమంటే, 'నా కళ్ళతో చూసినా, బాగుండాది, మనుషుల్ని ఎక్కించుకోండి' అని. చూడకుండా పెడితే ఇంకేమన్నా ఉందా!"

అప్పటికి నేను వేలిముద్ర మనిషిని. ఎక్కడ ఏ కాగితం పెట్టినా బొటనవేలు చాచడమే నాకు తెలుసు. సిరా తుడుచుకుంటూ బయటికి వచ్చేస్తాను, ఆ కాగితంలో ఏముందో ఎవరూ చెప్పరు, నేను అడగను. ఆ పిల్ల మాట విన్న రోజు నేనేమీ పెద్దగా ఆలోచించలేదు. వినడం మాత్రం విన్నాను.

ఆమె డ్యూటీ లేని సాయంత్రాల్లో పుస్తకం పట్టుకుని మా వరండాలోకి దిగివచ్చేది. నేను జడ కుడుతుంటే పక్కన గోడకానుకుని చదువుకునేది. ఒకరోజు పుస్తకం నా ముందు పెట్టి, "అత్తా, ప్రశ్న నేను చదువుకుంటా, జవాబు నేనే చెప్తా. ఎనక పేజీలో చూసి అవునో కాదో నువ్వు చెప్పు," అంది.

"నాకు చదువు రాదమ్మీ."

"అంకెలు వచ్చు కదా, పూల బేరం చేస్తావు. ఇంక మూడు అక్షరాలే. ఎ, బి, సి. ప్రతి ప్రశ్నకు ఆ మూడిట్లో ఒకటే జవాబు."

అలా నేను నేర్చుకున్న మొదటి మూడు అక్షరాలు ఇంగ్లీషువి. ఎ అంటే మా ఇంటి నిచ్చెన లాగా ఉంటుంది. బి అంటే రెండు మూరల పూలు కట్టెకు వేలాడేసినట్టు. సి అంటే తెగిన గాజు. ప్రశ్న అంకె ఎదురుగా ఏ బొమ్మ ఉందో చూసి చెప్పడం నా పని. కొన్నాళ్ళకు ఆ పని నాకు తెగ నచ్చేసింది. ఆ పిల్ల తడబడితే "తప్పు!" అని గట్టిగా అనేదాన్ని.

"తప్పనేటప్పుడు అంత సంతోషంగా అనొద్దత్తా, కడుపు మండుతుంది," అనేది.

ఒకసారి తను "బి" అంది. పేజీలో తెగిన గాజు ఉంది. తప్పన్నాను. "బి కూడా చానా దగ్గరత్తా, దాన్నే సరే అనుకో ఈసారికి," అని బతిమాలింది. "ఈడ సి ఉండాది. నేనేం చేసేది?" అన్నాను. కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత పడీపడీ నవ్వింది. "ఇట్లాంటి మనిషే కావాల నాకు. మా క్లాసు పిల్లోళ్ళయితే పోనీలే అనేవాళ్ళు," అంది.

తెలుగు అక్షరాలు కూడా ఆమే దిద్దించింది. పలకా బలపం కొనిపెట్టలేదు. విమానాశ్రయంలో వాళ్ళ పనిముట్ల గదిలో, గోడకు పనిముట్లు తగిలించే పలక ఒకటి ఉంటుందట. ఏ పనిముట్టు ఎక్కడుండాలో దాని ఆకారం అక్కడ గీసి ఉంటుంది. పని అయిపోయాక ఆ ఆకారాలన్నీ నిండాలి. ఒక్కటి ఖాళీగా కనిపించినా విమానం కదలదు. అలాగే నేల మీద సుద్దతో అక్షరం ఆకారం పెద్దగా గీసి, దాని మీద కనకాంబరాలు పేర్చమనేది. పేర్చి పేర్చి అక్షరం నా వేళ్ళకు తెలిసేది. ఒక ఉదయం నేను ఎన్నో ఏళ్ళుగా పూలమ్మే లాడ్జి బోర్డును కూడబలుక్కుని చదివాను. అందరం పచ్చ లాడ్జి, పచ్చ లాడ్జి అంటాం, బోర్డు మీద ఎవరో ఒక నరసింహులు పేరుంది. ఎదురుగా కూర్చున్నా ఇన్నేళ్ళూ ఆ నరసింహులును నేను ఎరగను. ఆ సంగతి చెబితే షమీమ్ తన పేపరు పాసయినప్పటికంటే ఎక్కువ సంబరపడింది.

నా పని చూసి తను కూడా కొన్ని నేర్చుకుంది. పూలు కుట్టేవాళ్ళం సూది కింద పెట్టం. దారం ముడి వేసేటప్పుడు, నీళ్ళు తాగేటప్పుడు రవిక అంచుకు గుచ్చుకుంటాం. "అట్ల గుచ్చుకుంటే యాడన్నా పడిపోదా?" అని మొదట్లో ఆశ్చర్యపోయింది. "నాకు పుట్టినప్పటినుంచీ అలవాటు," అన్నాను. తర్వాత సెలవు రోజుల్లో నాతోపాటు జడ కుట్టేటప్పుడు తను కూడా చొక్కా అంచుకు గుచ్చుకోవడం మొదలుపెట్టింది. చూసి ముచ్చటపడ్డాను.

ఆ వేసవికి ఒక్క పేపరు తప్ప అన్నీ పాసయింది. మిగిలింది పనిచేసేవాళ్ళు పొరపాట్లు ఎందుకు చేస్తారు అనే పేపరు. తేలికైనదని చివరికి ఉంచుకుంది. "తప్పులు చేసేదానికి కూడా పుస్తకం కావాల్నా?" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. పని చేసిన కాలం కూడా నిండింది. శేఖర్ సారు రాసిస్తే ఆ ఏడే లైసెన్సు. పలమనేరులో వాళ్ళ నాయన అప్పుడే అందరికీ చెప్పుకుంటున్నాడట.

అప్పుడు జరిగింది ఇది. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతుంటే ఆమె చొక్కా జేబు బొత్తాం ఊడి వేలాడుతోంది. "సూది ఇయ్యత్తా, ఆటోలో కుట్టుకుంటా," అని, ఎర్ర దారం ఎక్కించి ఉన్న నా పొడుగు సూది తీసుకుని మా ఆయన ఆటో ఎక్కింది. దారిలో బొత్తాం కుట్టుకుంది. మధ్యాహ్నం తిరిగివచ్చి వరండాలో కూర్చుని అన్నం తింటోంది. నేను సాయంత్రం పెళ్ళికి జడ మొదలుపెడుతూ, "అమ్మీ, నా పొడుగు సూది యాడ పెట్టినావు?" అన్నాను.

ఆమె ఎడమ చెయ్యి దానంతట అదే చొక్కా అంచుకు వెళ్ళింది. అక్కడ తడిమింది. జేబులో తడిమింది. ముద్ద చేతిలోనే ఉంది.

"బొత్తాం కుట్టి ఈడ గుచ్చుకున్నానత్తా," అంది. "నీ మాదిరే. తీసింది గుర్తు లేదు."

ఆ రోజు విమానం సామాన్ల అరలో పక్క గోడకు బిగించిన బిళ్ళ ఒకటి వదులైతే, దాన్ని విప్పి, లోపల తుడిచి మళ్ళీ బిగించిందట. బోర్లా పడుకుని, లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టి. ఆ బిళ్ళ వెనక వైర్ల కట్టలు పోతుంటాయి. పనిముట్లన్నీ లెక్క చూశారు, సరిపోయాయి. శేఖర్ సారు సంతకం పెట్టాడు, విమానం ఎగిరిపోయింది.

"ఇంత సూదికి అంత విమానానికి ఏమవుతుందమ్మీ?" అన్నాను.

"విమానం వణుకుతా ఉంటుంది కదత్తా. వణికి వణికి ఆ మొన ఒక వైరు తోలులోకి దిగితే? ఈపొద్దు ఏమీ కాదేమో. ఎప్పుడో ఒగరోజు, ఎవరో కూర్చోనుండంగా..."

మా ఆయన ఆటో తుడుస్తున్నవాడు దగ్గరికి వచ్చాడు. "ఎవరికి తెలుసు పాపా? అది మీ సామాను లెక్కలోనే లేదు. నువ్వు చెప్పకపోతే అడిగేవాడే లేడు."

"అదే మామా నా భయం. లెక్కలో లేదు కాబట్టి ఇంకెవరూ ఎతకరు."

చెయ్యి కడుక్కుని శేఖర్ సారుకు ఫోను చేసింది. నిలబడే చేసింది. ఏదీ దాచలేదు, దేన్నీ చిన్నది చేసి చెప్పలేదు. విమానం హైదరాబాదులో దిగి మళ్ళీ ఎగరడానికి తయారవుతోంది. దాన్ని ఆపేశారు. జనాన్ని దించి వేరే విమానం చూశారు. అక్కడివాళ్ళు ఆ బిళ్ళ విప్పి దీపాలు వేసి వెతికారు. సూది కనబడలేదు. విమానాన్ని పక్కకు లాగి పెట్టారు.

మర్నాడు ఉదయం శేఖర్ సారు మా ఇంటికి వచ్చాడు. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకున్న పెద్దమనిషి, తక్కువ మాటల మనిషి. మాతోపాటు చాపలు దులిపాడు, మెట్లు ఊడిపించాడు, ఆ చొక్కా కుట్లన్నీ తిరగేసి చూశాడు, ఆటో సీటు తీయించాడు. "సూది ఇక్కడ దొరికితే అక్కడ విమానం వదిలేస్తారు. అజాగ్రత్త అని ఒక మాట అనేసి ఊరుకుంటాం," అన్నాడు. "దొరక్కపోతే ఆ సామాన్ల అర నేల మొత్తం విప్పాలి. అప్పుడు షమీమ్ విషయం నా చేతుల్లో ఉండదమ్మా. మళ్ళీ కొంతకాలం విమానం దగ్గరికి రానివ్వరు. లైసెన్సు సంగతి అప్పుడే చెప్పలేం."

షమీమ్ మెట్ల మీద కూర్చుని వింటోంది. మా ఆయన "ఇంకోసారి ఆటో చూసొస్తా" అని సందు చివరికి వెళ్ళాడు. చాలాసేపటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దొరికింది సార్! ఎనక సీటు సందులో ఇరుక్కోనుండాది!"

పొడుగు సూది. ఎర్ర దారం. షమీమ్ లేచి నిలబడింది. నిన్నటినుంచి చచ్చిపోయిన ముఖంలోకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. శేఖర్ సారు సూదిని తీసుకుని నా చేతిలో పెట్టాడు. "మీదేనా అమ్మా? మీరు చెబితే చాలు."

కళ్ళకైతే తేడా లేదు. దారం నా ఉండలోదే. నా సూది నడుమ దగ్గర కొంచెం వంగి ఉంటుంది, ఇదీ వంగి ఉంది. కుట్టేటప్పుడు పట్టుకునేలా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకున్నాను. నా సూది ఏళ్ళ తరబడి నా వేలి ఒత్తిడికి మెల్లగా, నెలవంకలా వంగింది. ఇది పటకారుతో ఒక్కసారి వంచింది, మధ్యలో మూల ఉంది. నా వేలు ఆ మూల దగ్గర ఆగిపోయింది. తలెత్తి చూస్తే మా ఆయన నేలకేసి చూస్తున్నాడు.

"అదే కదత్తా?" అంది షమీమ్. అంత ఆశ నేను ఆ గొంతులో ఎప్పుడూ వినలేదు.

నా మాటతో ఏదైనా తేలడం అంతవరకు నా బతుకులో జరగలేదు. అవునంటే ఆ పిల్ల చదువు, వాళ్ళ నాయన మురిపెం అన్నీ నిలబడతాయి. పైగా సూది ఏ రోడ్డు మీదో పడి ఉంటుందని నా మనసు కూడా చెబుతోంది. కానీ మనసు చెప్పేది వేరు, చేతిలో ఉన్నది వేరు. పేజీలో సి ఉన్నప్పుడు బి అనడం ఆ పిల్ల నాకు నేర్పలేదు.

"కాదు సార్," అన్నాను. "ఇది నాది కాదు."

"సరిగ్గా సూడు!" అని అరిచాడు మా ఆయన. "సూదులన్నీ ఒగటే కదే!"

"చూసినా. కుట్టేదాన్ని నేను. నాది కాదు."

శేఖర్ సారు మా ఆయన్ను కోప్పడలేదు. సూదిని తిరిగి ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. వాకిట్లోకి వెళ్ళి ఫోను చేసి, "నేల విప్పండి," అన్నాడు. షమీమ్ మళ్ళీ మెట్ల మీద కూర్చుంది. నావైపు చూడలేదు.

సాయంత్రందాకా విప్పారట. ఎవరిదో పెట్టె తాళంచెవి దొరికింది, పసిపిల్ల పట్టీ మువ్వ ఒకటి దొరికింది. సూది లేదు. లేదని తేల్చుకుని, అంతా మూసి, సంతకం పెట్టి విమానాన్ని పంపారు. ఆ సూది ఏమైందో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. మా ఆయన కొని తెచ్చిన సూది మాత్రం ఉంది. దాంతోనే ఆయన కొన్నాళ్ళకు ఆటో సీటు చిరుగు కుట్టుకున్నాడు.

షమీమ్‌ను విమానం దగ్గరి పనినుంచి తీసేసి పనిముట్ల గదిలో కూర్చోబెట్టారు. చేసిన కాలంలో కొంత మళ్ళీ చేయాలన్నారు. వాళ్ళ నాయన పలమనేరు నుంచి వచ్చాడు. చేతులనిండా మాటు మచ్చలు, మెత్తటి మనిషి. "చాల్లేమ్మా, ఇంటికి పోదాం పద," అన్నాడు కూతురితో. నాతో మాత్రం, "ఒక్క మాటక్కా. అవునని ఒక్క మాట అనుంటే నా బిడ్డ నిలబడేది కదా," అన్నాడు. నేను కాఫీ ఇచ్చాను. తాగలేదు. షమీమ్ ఆయనతో వెళ్ళలేదు, కానీ నా దగ్గరికీ రాలేదు. డ్యూటీకి పోయేది, వచ్చేది, నేరుగా మెట్లెక్కేది. నేను వరండాలో ఒక్కదాన్నే జడలు కుట్టుకున్నాను. మా ఆయన అన్నం దగ్గర సణిగేవాడు. నేను చేసింది సరే అనుకునేదాన్ని, అయినా పైన ఆ పిల్ల నడుస్తున్న చప్పుడు వింటే కుట్టడం ఆపి పైకి చూసేదాన్ని.

అలా కొన్నాళ్ళు పోయాక ఒక సాయంత్రం మెట్లు దిగివచ్చి, గోడకానుకుని కూర్చుని, పుస్తకం నా ముందు పెట్టింది. ఆ మిగిలిన పేపరుది.

"ఎ-నా, బి-నా చెప్పత్తా," అంది.

నేను అంకె వెతుక్కుంటుంటే తనే మాట్లాడింది. "ఆ పొద్దు నువ్వు అవునని అనుంటే నేను నమ్మేసుండేదాన్ని. ఆ సూది కొత్తగా ఉండాదని నాకూ అనిపించింది. అనిపించినా 'అదే కదా' అనే అడిగినా. ఈ పుస్తకంలో అదే ఉండాదత్తా. మనం ఏది కావాలనుకుంటామో అదే కనపడుతుందంట."

"మీ నాయనకు నామీద కోపం పోలేదు కదమ్మీ."

"పోయిన వారం ఊరికి పోయినప్పుడు అడిగినా. 'క్యాన్‌కు మాటు వేసి, నీళ్ళు పోసి చూడకుండా ఎప్పుడన్నా ఇచ్చినావా నాయనా?' అని. లేచి పనిలోకి పోయినాడు. అంటే ఒప్పుకున్నట్టే." కళ్ళు తుడుచుకుని నవ్వింది. "చెప్పు, నా జవాబు బి."

"తప్పు," అన్నాను.

"ఇప్పుడన్నా కొంచెం బాధగా అనొచ్చు కదా!"

పనిముట్ల గదిలో ఉన్న రోజుల్లోనే ఒక చెక్క మీద మెత్తటి గుడ్డ పరిచి, నా సూదులన్నిటికీ ఆకారాలు గీసి ఇచ్చింది. రవికకు గుచ్చుకోవడం నేను అప్పుడే మానేశాను. తర్వాత మళ్ళీ విమానం దగ్గరికి రానిచ్చారు. మిగిలిన కాలం నింపింది, ఆ పేపరూ పాసయింది. రాసివ్వాల్సిన రోజున శేఖర్ సారును ఎవరో అడిగారట, ఈ పిల్లకేనా ఇస్తున్నావు అని. "లెక్కలో లేనిదాన్ని తనే వచ్చి చెప్పింది. నాకింకేం కావాలి?" అన్నాడట. లైసెన్సు చేతికి వచ్చినప్పుడు వాళ్ళ నాయన పలమనేరు పాలకోవా తీసుకుని వచ్చాడు. ఈసారి కాఫీ తాగాడు. ఇంకొంచెం పొయ్యమని అడిగి తాగాడు.

మొట్టమొదటి విమానాన్ని తన సంతకంతో పంపిన మధ్యాహ్నం నాకు ఫోను చేసింది. "అత్తా, పోయింది!"

"ఏం పోయిందమ్మీ?" నాకు ఆ సూదే గుర్తొచ్చింది.

"విమానం! నేను సరే అన్నాక పోయింది!"

"అంతా చూసే పెట్టినావా?"

"ఇది అడుగుతావనే అనుకున్నా," అని నవ్వింది. "అంతా చూసినా అత్తా. రెండోసారి కూడా చూసినా."

ఇప్పుడు హైదరాబాదులో, విమానాలు నిలిపి బాగుచేసే పెద్ద షెడ్డులో పనిచేస్తోంది. కొత్తగా చేరిన పిల్లలు ఆమె కింద నేర్చుకుంటున్నారట. పండక్కో పబ్బానికో వచ్చినప్పుడు మా మేడమీది గదిలోనే దిగుతుంది. నా అక్షరాలు గుండ్రంగా తిరిగాయని మెచ్చుకుంటుంది, ఒత్తులు తప్పితే "తప్పు!" అని గట్టిగా అంటుంది. పాత బాకీ అది, తీర్చుకుంటోంది. నేను వేలిముద్ర వేయడం మానేసి చాలా రోజులైంది. ఆ పిల్ల నాకు ఇచ్చింది అక్షరాలే అని మా వీధిలో అందరూ అనుకుంటారు. అక్షరాలు ఎవరైనా ఇచ్చేవాళ్ళేమో. పేరు రాయడానికి ముందు ఆగి చూడటం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

పోయిన వారం మా మనవరాలి బడికి పిలిచారు. అక్కడ పిల్లల తిండి చూసే తల్లుల కమిటీలో మా అమ్మాయికి బదులు నన్ను వేశారు. మధ్యాహ్న భోజనం వండే ఆమె ఒక కాగితం తెచ్చి, వేలితో చోటు చూపించి, "ఈడ పెట్టక్కా," అంది. నేను కాగితం తీసుకుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. నాకు సమయం పడుతుంది. ఆమె రెండు కాళ్ళ మీదా మార్చి మార్చి నిలబడింది.

"రుచి చూసినాము, బాగున్నది అని ఉండాది," అన్నాను. "నేను చూడలేదే."

"అందరూ ఇట్లనే పెట్టేసి పోతారక్కా. ఉడికేదానికి ఇంకా టైముండాది. నీకు పూలు వాడిపోతాయి, పెట్టేసి పో."

"వాడిపోనీలే. కూర్చుంటా."

వంటగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె గొణుక్కుంటూ గరిటె తిప్పింది. అన్నం వార్చాక ఒక పళ్ళెంలో అన్నం, సాంబారు, గుడ్డు పెట్టి నా ముందుకు తోసింది. తిన్నాను. అన్నం బాగుంది. గుడ్డు బాగుంది. సాంబారు ఇంకోసారి వేసుకుని చూశాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఉన్న మాటల కింద "సాంబారులో ఉప్పు చాలలేదు" అని నిదానంగా రాసి, దాని కింద సంతకం పెట్టాను. ఆమె కాగితం లాక్కుని చదివి నన్నొక చూపు చూసింది. తర్వాత ఉప్పు డబ్బా తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పిల్లలు అప్పటికి ఇంకా బంతికి కూర్చోలేదు.